కుడి భుజం మీది పువ్వు

రేపు పొద్దున బస్సు తప్పితే ఆపరేషన్ తప్పుతుంది, ఈ సంగతి గుళ్లోని సుంకులమ్మ తల్లికి ఎవరు చెప్పాలి, చెప్పినా ఆమెకు తొందరేముంది, చుట్టూ సోలార్ ప్లేట్లు, మధ్యలో ఇంత గుడి, మా పొలం కంపెనీకి లీజుకు పోయినా మా ఇంటిదేవతకు మాత్రం కంచె లోపల దారి వదిలారు, ఆ కంపెనీ ఆఫీసులోనే నా ఉద్యోగం, అయినా ఇప్పుడు అమ్మ వెనక బుద్ధిగా నిలబడ్డాను, అమ్మ రొమ్ములో గడ్డ, తుమకూరు డాక్టరు ఇంక ఆలస్యం చేయొద్దన్నాడు, అమ్మది ఒకటే మాట, అమ్మోరు పువ్విస్తేనే వస్తా ఆశా, కుడి భుజం మీదిది ముందు రాలితే వస్తా, ఎడమది రాలితే నన్నింక అడగొద్దు.

నేనూ ఇందులో పెరిగినదాన్నే, విగ్రహం భుజాల మీద రెండు తడి పూలు అంటించి మనసులో అడగడం, ఏది ముందు రాలుతుందా అని ఊపిరి బిగబట్టడం, వాన కోసం అడిగాం, గొర్రెలకు రోగమొస్తే అడిగాం, నన్ను పావగడ హైస్కూలుకు పంపాలా అని అడిగిన రోజు, ఆడబిడ్డకు అంత దూరం సదువేందికి అని నాన్న గొణుగుతూండగానే కుడి పువ్వు రాలింది, నాన్న నోరు మూతపడింది, ఆ మహిమను ఇంట్లో ఎన్నేళ్లు చెప్పుకున్నామో, మరి కుడి పువ్వు రాలినా వాన రాని ఏళ్లు, వాటి మాట ఎవరూ ఎత్తరు, మనమే ఏదో తప్పు చేసుంటామనేవాళ్లు, ఉగ్గుపాలతో వచ్చిన నమ్మకం, కాలేజీలో వదిలించుకున్నాననుకున్నాను, తడి ఆరితే పువ్వు రాలుతుంది, అంతే కదా, మరి గుండె ఎందుకిలా కొట్టుకుంటోంది, తల్లీ కుడిదే, కుడిదే, ఛీ, నేను కూడానా.

అమ్మ రెండు చామంతులు తీసుకుంది, ఎడమ భుజానికి పెట్టే పువ్వును చెంబులో ముంచి, గంధం అద్ది, బొటనవేలితో గట్టిగా నొక్కింది, కుడి వైపు పువ్వును తడిపీ తడపనట్టు తాకించి చేయి తీసేసింది, నేను గమనించానా అని చూస్తుందేమో అనుకున్నా, లేదు, కళ్లు మూసుకుంది, పెదవులు వణుకుతున్నాయి, ఆ ముఖంలో దొంగతనం లేదు, ఎడమది రాలుతుందేమోనని నిజంగానే భయపడుతోంది పిచ్చితల్లి, తన చేయి చేసిన పని తనకే తెలియదు, హైస్కూలు నాడు పూలు పెట్టింది కూడా అమ్మే, నాన్నకు ఎదురు చెప్పడం ఏనాడూ ఎరగని అమ్మ.

రాలింది, కుడిదే, అమ్మ చెంపలు వేసుకుని ఏడ్చేసింది, చూసినావా ఆశా, అమ్మోరు పొమ్మనింది, చూసినానమ్మా అన్నాను, ఏం చూశానో చెప్పలేదు, చెప్పి ఆమె దగ్గర్నుంచి ఏం లాక్కోవాలి, పట్టుకుంటే చేయి చల్లగా ఉంది, ఇన్నాళ్లూ మొండికేసిందని కసురుకున్నాను, ప్రాణం మీద ఆశ వదులుకుందని కుమిలిపోయాను, అదేమీ కాదు, నాకు ఇది కావాలి అని నోరు తెరిచి అడగడం మా అమ్మకు ఎవరూ నేర్పలేదు, అందుకే అమ్మవారి చేత అనిపించుకుంది, అమ్మకు బతకాలని ఉంది.