అరుపు వినపడని ఇల్లు

యుద్ధం పుణ్యమా అని పిడుగురాళ్ల సున్నానికి గిరాకీ పెరిగింది. అప్పటిదాకా మా గూడెం వాళ్లది ఒక బట్టీ, చర్చి పక్క పేట వాళ్లది ఇంకో బట్టీ. మేస్త్రీ అందరినీ కలిపేశాడు. నాకు పేట ఫిలోమినాతో జత పడింది. ఆమె తలకు తట్ట నేనెత్తాలి, నా తలకు ఆమె ఎత్తాలి.

అలా ఎత్తుతూనే నా వీపు మీద వాతలు చూసింది. నా మొగుడు పిచ్చియ్య చెర్నాకోల దెబ్బలవి.

"మీ గూడెంలో ఆడోళ్లంతా చచ్చారా అక్కా?" అంది.

వాళ్ల పేటలో ఆడది కేక వేస్తే చాలు, ఇరుగుపొరుగు ఆడవాళ్లు పొయ్యి మీద కూడు వదిలేసి ఆ ఇంట్లో జొరబడతారట. మొగుడు చెయ్యి దించేదాకా కదలరట. మేమేమో కేక వినపడితే తలుపులేసుకునేవాళ్లం. సిగ్గుమాలిన బతుకులు మావి!

బట్టీలో ఆ మాట మా వాళ్లందరికీ పాకింది. ఒకనాటి సాయంత్రం పిచ్చియ్య నా జుట్టు పట్టి గోడకేసి కొడుతుంటే గొంతు చించుకుని అరిచాను. ఎదురింటి సుబ్బమ్మ వచ్చింది, వెనకే గూడెం ఆడవాళ్లంతా వచ్చారు. తన్నబోయిన పిచ్చియ్య మోకాలి మీద సుబ్బమ్మ రోకలిబండతో ఒక్కటిచ్చింది, మహాతల్లి. నా కడుపు చల్లబడింది.

అయితే మగాళ్లూ కలిసే రాళ్లు కొడుతున్నారు, ఒకే పాకలో కల్లు తాగుతున్నారు. మోకాలి దెబ్బకు పట్టిన మంచం దిగాక పిచ్చియ్య కొత్త తెలివి నేర్చాడు. ముందు నా నోట్లో గుడ్డ కుక్కి, తర్వాత కొట్టేవాడు. కల్లుపాకలో అది గొప్పగా చెప్పుకున్నాడు. ఫిలోమినా మొగుడు ఆరోగ్యస్వామి చెవులప్పగించి విన్నాడట. జాగ్రత్తే అని ఫిలోమినాకు చెబితే నవ్వేసింది.

"మా ఆయనకంత బుర్ర యాడుందక్కా" అంది.

ఒక సోమవారం ఆమె పనికి రాలేదు. తట్ట పారేసి పేటకు పరుగెత్తాను. పక్కింటి దయామణి గుమ్మంలో బియ్యం ఏరుకుంటోంది. కేకేమీ వినపడలేదంది. ఇద్దరం తలుపు తోశాం.

ఫిలోమినా నేల మీద పడి ఉంది. ముఖం కమిలిపోయింది, పళ్ల మధ్య తువ్వాలు అలాగే ఉంది. ఊపిరి లేదు. ఆరోగ్యస్వామి మూల కూర్చుని ఉన్నాడు.

"పిచ్చియ్యన్న ఇట్టాగే చెయ్యమన్నాడు. చచ్చిద్దని చెప్పలా" అన్నాడు.

దయామణి బయటికెళ్లి కేక వేసింది. పేట ఆడవాళ్లు వచ్చారు, బట్టీ నుంచి మా వాళ్లూ వచ్చారు. చేతికి దొరికిన దానితో కొట్టాం. వాడు కదలడం మానేశాక కూడా కొట్టాం.

ఆ నెత్తుటి చేతులతోనే అందరం మా గూడేనికి నడిచాం. పిచ్చియ్య అన్నం తింటున్నాడు. ఇంతమంది ఎందుకొచ్చారని నన్నడిగాడు. దయామణి అందరికన్నా చివర లోపలికి వచ్చి, తలుపు గడియ పెట్టింది.