నిర్మల్‌లో ఉన్న దాత

మా ఊరి బడి చరిత్ర రాసిమ్మని హెడ్‌మాస్టరు సామ్యూల్ సారు నన్ను అడిగాడు. నాలుగో తరగతి దాటని నన్ను! ఊళ్లో చదువుకున్నవాళ్లకు కొదవ లేదు కానీ, నిజం చెప్పేవాళ్ల చేతిలో చరిత్ర మరీ పొట్టిగా వస్తుందని ఆయన భయం కాబోలు. మానేరులో నేను పట్టిన చేప మీసాలతో ఊరబావికి రెండు చేదతాళ్లు పేనారని చెప్పినవాణ్ణి నేను. ఆ తాళ్లు చూపించమంటే ఎలుకలు కొరికాయన్నవాణ్ణి కూడా నేనే. ఇది మాత్రం నవ్వకుండా రాస్తున్నాను.

బడి రిజిస్టరు మొదటి పేజీలో "స్థలదాత: శ్రీ బాలమల్లు, నివాసం నిర్మల్" అని ఉంది. ఏటా పంద్రాగస్టుకు సారు ఆ పేరు మీద ఆహ్వానం రాసి టపాలో వేస్తాడు. పదమూడేళ్లుగా ఏటా అది తిరిగొస్తుంది.

బాలమల్లు నిర్మల్‌లో లేడు సారూ. ఎక్కడా లేడు.

నలభై ఎనిమిదిలో మేమిద్దరం చీరల మూటలు నెత్తిన పెట్టుకుని మానేరు దాటుతున్నాం. తుపాకీ పేలింది. ఎవరిదో ఇప్పటికీ తెలియదు, ఆ రోజుల్లో తుపాకులు చాలామంది చేతుల్లో ఉండేవి. నేను మూట పారేసి ఉరికాను. వెనక నుంచి "సిద్దిరాములూ, ఆగురా" అన్నాడు. ఆగలేదు. పొద్దు వాలాక వెళ్లి చూస్తే ఇసుకలో బోర్లా పడి ఉన్నాడు. చేతులతో ఇసుక తోడి, ఒక తుమ్మచెట్టు పక్కన పూడ్చిపెట్టాను.

ఊరికొచ్చి వాడి తల్లి చంద్రవ్వతో, "చెరో దిక్కయినం చిన్నవ్వా, వాడు అవతలి ఒడ్డుకు పోయిండు" అన్నాను. చచ్చాడని చెబితే, ఆగమన్న వాడి మాటా ఆగని నా కాళ్ల సంగతీ చెప్పాల్సి వస్తుంది.

చంద్రవ్వకు వాడొక్కడే. ఇంటి ముందు గదిలో గుంట మగ్గం, దాని మీద వాడు సగం నేసిన చీర. మా నేతగాళ్ల ఇళ్లల్లో పడుగు ఎక్కించిన చెయ్యే బట్టను దింపాలి. ఆ మనిషి చచ్చిపోతే తప్ప మరొకరు కొయ్యరు. కోసిన బట్టను శవం మీద కప్పుతారు. అందుకే ఏడేళ్లు ఆమె ఆ గదిలోకి ఎవర్నీ రానివ్వలేదు. పొద్దున్నే తాను వెళ్లి పోగుల మీది దుమ్ము దులిపి వచ్చేది.

యాభై అయిదులో సామ్యూల్ సారు వచ్చాడు. ఎడ్ల కొట్టంలో బడి. వానలు పడేలోపు గది చూపకపోతే మాస్టరును వేరే ఊరికి పంపిస్తామని కరీంనగర్ నుంచి వచ్చిన అధికారి చెప్పిపోయాడు. ఊరంతటికీ వాడకంలో లేనిది చంద్రవ్వ మగ్గం గది ఒక్కటే. సారు వెళ్లి అడిగితే చంద్రవ్వ రాట్నం ఆపకుండానే, "ఖాళీ గది గాదు సారూ. నా కొడుకు జర బయటికి పోయిండు, గంతే" అంది.

సారు నా దగ్గరికి వచ్చాడు. "సిద్దిరాములన్నా, చేప మీసాలు నమ్మించినోనివి, గీ ఒక్క ముసలమ్మను ఒప్పియ్యలేవా?"

ఆ మాటకు నేను పొంగిపోయాను. నేరుగా వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను.

"చిన్నవ్వా, బాలమల్లు నిర్మల్‌ల ఉన్నడు. కొయ్యబొమ్మలకు రంగులేస్తుండు. అక్షరాలు గూడ నేర్చిండట. గది బడికియ్యమని అవ్వకు నా మాటగ చెప్పమన్నడు."

రాట్నం ఆగింది.

"సన్నబడ్డడా?"

"జర సన్నబడ్డడు."

"మగ్గం మీద ఎడమచేతి వేలికి నాడె తాకి పుండైతుండె. మానిందా?"

"ఎప్పుడో మానింది."

నా ముఖంలోకి చాలాసేపు చూసింది. మర్నాడు ఇంటికి తాళం వేసి బస్సెక్కి నిర్మల్ వెళ్లిపోయింది. పుట్టి బుద్ధెరిగి ఎన్ని అబద్ధాలు చెప్పినా, వాటిని నమ్మి వెతుక్కుంటూ బయలుదేరిన మనిషిని నేను చూడలేదు. పదకొండు రోజులు నాకు అన్నం సయించలేదు.

పన్నెండో రోజు వచ్చింది. కాళ్లు వాచి ఉన్నాయి. ఊరంతా గుమిగూడింది.

"కనిపించిండు" అంది. "ఇద్దరు పిల్లలు. పని ఇడిసి రాలేడట. గది బడికే అన్నడు. సారూ, ఇచ్చినోని పేరు వానిదే రాయి. శ్రీ అని పెట్టి రాయి."

జనం చప్పట్లు కొట్టారు. కథ అల్లిన నేను మాత్రం నోరు తెరుచుకుని నిలబడ్డాను.

అందరూ పోయాక నన్ను మగ్గం గదిలోకి పిలిచింది. కత్తిపీట తెచ్చి పడుగు కోసింది. బిగువు మీదున్న పోగులు టపటపా తెగిపోయాయి. సగం చీరను మడత పెడుతూ చెప్పింది.

"బొమ్మలు జేసేటోళ్ల ఇండ్లన్నీ తిరిగిన. అందరి ఎడమచేతులు చూసిన. అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు నవ్వుతవురా సిద్దిరాములూ. నిర్మల్ ముచ్చట చెప్పిన దినం నవ్వలే. ఏదో దాస్తున్నవని, వాడు లేడని అప్పుడే ఎరుకైంది. అయినా పోయిన, పానం ఊకోక."

"మరి ఊర్ల గట్ల చెప్పితివేంది చిన్నవ్వా?"

"సచ్చినోని గదిల పిల్లల్ని కూసోబెడ్తరా ఎవలన్న?" చీర నా చేతుల్లో పెట్టింది. "వాడు ఏడున్నడో నీకెరుక. కప్పిరా."

"ఆగమన్నడు చిన్నవ్వా. నేను ఆగలే."

"పో" అంది. నాతో ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే.

మానేరుకు వెళ్లాను. మధ్యలో ఏడు వరదలు వచ్చిపోయాయి. తుమ్మచెట్టు లేదు, గుర్తు లేదు. ఏదో ఒకచోట ఇసుక మీద చీర పరిచాను. గాలికి లేచిపోతుంటే నాలుగు మూలలా రాళ్లు పెట్టాను. తిరిగొచ్చేసరికి మగ్గం గుంటను తట్టలతో మన్ను పోసి పూడుస్తున్నారు. ఒకటో తరగతి కూర్చునేది ఇప్పుడు ఆ గుంట మీదే.

చంద్రవ్వ మరో నాలుగేళ్లు బతికింది. పిల్లలు ఎక్కాలు అరుస్తుంటే అరుగు మీద కూర్చుని వినేది. నన్ను చూస్తే ముఖం తిప్పుకునేది.

సారూ, ఈ ఏడు ఆహ్వానం టపాలో వెయ్యకు. నా చేతికియ్యి, మానేరు దాకా తీసుకుపోతాను. ఏ ఇసుకలో పెట్టాలో నాకూ తెలియదు. రిజిస్టరులో నిర్మల్ అన్న మాట నాది, కావాలంటే కొట్టెయ్యి. శ్రీ మాత్రం ముట్టుకోకు. అది ఆమె రాయించింది.