ఒక్క ప్రయాణానికే చెల్లును

నేను ఒక కాగితాన్ని. పాస్‌పోర్టునని చెప్పుకునే గర్వం నాకు లేదు. పాస్‌పోర్టుకు అట్ట ఉంటుంది, బోలెడు పేజీలుంటాయి, పోయి మళ్లీ రావడానికి వీలుంటుంది. నేను రెండుగా మడిచిన ఒకే ఒక్క తావును. పైన సింహాల ముద్ర, కింద “ఒక్క ప్రయాణానికే చెల్లును” అన్న మాట. ఉన్న ఊళ్లో ఉండే వీల్లేక, పోవలసిన ఊళ్లో ఎవరూ తెలియక నడిమధ్య నిలబడిపోయినవాళ్లకు నాలాంటివాటిని ఇస్తారు.

1964లో రంగూన్‌లో నాకు ప్రాణం వచ్చింది. శ్రీకాకుళం మనుషుల నోట ఆ ఊరి పేరు రంగం. అంతకు రెండు తరాల ముందునుంచీ వాళ్లు ఓడలెక్కి అక్కడికి పోయి బియ్యం మిల్లుల్లో, రేవులో ఒళ్లొంచి పనిచేశారు. ఆ ఏడాది దుకాణాలూ మిల్లులూ సర్కారు చేతికి పోయాయి, పనులు పోయాయి, ఇక మీ దేశం మీరు పొండన్న మాట గాలిలోనే వినబడసాగింది. మా రాయబార కార్యాలయం ముందు వరస వీధి మలుపు దాటిపోయింది. ఖాళీ గడులతో నేను ఒక గుమాస్తా బల్లమీద, నాలాంటి వందల కాగితాల కట్టలో, నా వంతు కోసం చూస్తూ ఉండేవాణ్ణి.

నా వంతు తామాడ సన్నెమ్మది. నలభై రెండేళ్ల మనిషి. భర్త దాలయ్య రేవు కూలీ, అంతకు ఏడాది ముందు బస్తాల దొంతర మీదపడి చనిపోయాడు. ఆమె రేవు గేటు దగ్గర బజ్జీలు వేసి అమ్ముకునేది. ఆ చోటు నుంచి కూడా లేవగొట్టాక, మూడు రోజులు వరసలో నిలబడి బల్ల దాకా వచ్చింది.

గుమాస్తా నరసాపురం వైపు మనిషి. చెడ్డవాడు కాడు గాని ఉదయం నుంచీ అవే ప్రశ్నలు అడిగి అడిగి మొహం మొద్దుబారిపోయినవాడు.

“ఏ ఊరమ్మా మీది?”

“టెక్కలి కాడ నందివలస బాబూ. పదమూడో ఏట పెళ్లి సేసి ఓడెక్కించీసినారు.”

“సరే, ఇండియాలో పుట్టినట్టు కాగితం ఏదైనా ఉందా?”

“నాకు కాయితం ఎవులిస్తారు బాబూ? సదువా, సంజా?”

“రుజువు లేకపోతే ఎలాగమ్మా? ఇక్కడ పుట్టినవాళ్లు కూడా అదే చెబుతున్నారు. పక్కకు నిలబడు. ఎవరైనా సాక్షిని తీసుకురా.”

సాక్షులనదగ్గ వాళ్లు కొందరు అప్పటికే ఓడెక్కేశారు, కొందరు చనిపోయారు. సన్నెమ్మ పక్కకు కదలలేదు. వెనకనుంచి నెడుతున్నారు. ఆమె చెయ్యెత్తి మొహం తుడుచుకుంది. అప్పుడు గుమాస్తా కలం ఆగింది.

“ఆ చెయ్యిటు చూపించు.”

మోచేతి కింద పచ్చబొట్టు. చర్మంతోపాటు సాగి, రంగు వెలిసిన తెలుగు అక్షరాలు. ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని కూడబలుక్కున్నాడు: “ఎర్రయ్య కూతురు సన్నెమ్మ. నందివలస.”

“ఇది ఎవరు పొడిపించారమ్మా?”

“మాయమ్మ. ఓడెక్కీ ముందల. పరాయి దేశంలో తప్పిపోతే, ఎవులో ఒకరు సదివి ఇంటికి పంపుతారనీసి.”

గుమాస్తా నన్ను కట్టలోంచి లాగి, ఆ చేతిని చూస్తూ నా మీద రాయడం మొదలుపెట్టాడు. మనుషులు కాగితాలను కనిపెట్టి చాలా కాలమైందంటారు. ఆ తల్లి నాకంటే ముప్పై ఏళ్ల ముందే, నాకంటే గట్టిదాన్ని తయారుచేసి పంపింది.

“వెంట పిల్లలెవరైనా ఉన్నారా?”

సన్నెమ్మ వెనక్కి తిరిగి వరస వంక చూసింది. కలం నా గడి మీద గాలిలో నిలిచిపోయింది.

ఆమెకు పిల్లలు కలగలేదు. దాలయ్యకు మాత్రం ఒక కూతురుంది. మరో వీధిలో ఒక బర్మా ఆడమనిషితో కాపురం పెట్టాడు, ఆమెకు పుట్టింది. ఆ తల్లి జ్వరంతో పోతే అయిదేళ్ల పిల్లను తెచ్చి, సన్నెమ్మ వంటింట్లో దింపి, ఏమీ చెప్పకుండా పనికి పోయాడు. ఆ పిల్ల పేరు ఖిన్ మే. సన్నెమ్మ అన్నం పెట్టింది, తల దువ్వింది, ఒళ్లో కూచోబెట్టుకోలేదు. నాలుగేళ్లు అలాగే గడిచాయి. పిల్ల ఆమెను ఏ పేరుతోనూ పిలవదు. ఏదైనా కావలిస్తే ఎదురుగా వచ్చి నిలబడుతుంది, అంతే. తానొక్కతే పోదామని, పిల్లను దాని పెద్దమ్మ దగ్గర వదిలేద్దామని అనుకునే సన్నెమ్మ ఆ వరసలో నిలబడింది. తరువాత ఓడలో పక్కనున్న ఆడమనిషికి ఆమె ఈ కథంతా చెబుతుంటే విన్నాను.

“ఉన్నారా, లేరా?”

“ఉంది బాబూ. ఒక గుంట.”

“కూతురా?”

“ఆయన కూతురు.”

‘సంబంధం’ అని రాసి ఉన్న నా గడి వెడల్పు ఒక అంగుళం. అందులో ‘కూతురు’ పడుతుంది, మిగతా కథ పట్టదు. గుమాస్తా పట్టినంతే రాశాడు. పేరు అడిగితే సన్నెమ్మ అప్పటికప్పుడు ‘పైడమ్మ’ అంది. బర్మా పేరు చెబితే పిల్లను పోనివ్వరని ఎవరో అనగా విందట.

ఫొటో తీయించుకు రమ్మన్నారు. ఫొటోలో ఇద్దరి భుజాల మధ్య జానెడు ఖాళీ. దగ్గరగా జరగమని ఫొటోగ్రాఫరు ఎంత చెప్పినా పిల్ల జరగలేదట. ఆ ఖాళీతో సహా ఫొటోను నాకు అతికించి ముద్ర కొట్టారు. గడువు మూడు నెలలు.

మూడు నెలల్లో ఎనభై రోజులు ఓడలో చోటు కోసమే పోయాయి. ఆ రోజులన్నీ నేను సన్నెమ్మ రవికెలో ఉన్నాను. వానాకాలం. పైన వాన, లోపల చెమట. ఒకరోజు నా సిరా ఊరుతున్నట్టు తెలిసింది. ‘పైడమ్మ’ అన్న పేరు అంచులు అలుక్కుపోతున్నాయి. నేను అరవలేను కదా. ఆమె చదవలేదు కదా. అలా ఒక ప్రమాదాన్ని ఆమె గుండెకు ఆనించుకుని తిరిగింది.

ప్రయాణానికి మూడు రోజుల ముందు పిల్ల పెద్దమ్మ డా మ్యా వచ్చింది. చుట్టలు చుట్టి బతికే మనిషి. వేళ్లు పొగాకు రంగు తేలి ఉంటాయి. గడప దాటకుండానే బర్మా భాషలో అంది.

“నా చెల్లెలి బిడ్డను నాకిచ్చి పో. అక్కడ నీకే ఎవరూ లేరు. దానికెవరుంటారు?”

ఆ మాటలో అబద్ధం ఏదీ లేదు. సన్నెమ్మ, “దాన్నే అడుగు” అంది.

పిల్ల ఇద్దరినీ చూసింది. బయటికి పోయి వానలో నిలబడింది. డా మ్యా వెళుతూ, “రేవుకు వస్తాను” అని మాత్రం అంది. అందులో బెదిరింపు ఉందో, వీడ్కోలు ఉందో తెలియలేదు. ఆ మూడు రోజులూ సన్నెమ్మ గుండె నాకు ఎదురుగా కొట్టుకుంటూనే ఉంది.

రేవులో తాడు కట్టిన దారి, చివర ఒక బల్ల, బల్ల వెనక అధికారి. ఆయనకు కుడివైపు ముద్ర పడిన కాగితాలు, ఎడమవైపు గాజు బరువు కింద ఆపేసిన కాగితాలు. కుడివైపువి వెంటనే మనుషుల చేతుల్లోకి పోతున్నాయి. ఎడమవైపు కట్ట పెరుగుతోంది. ఆ కట్టకు చెందినవాళ్లు గోడవారగా మూటల మీద కూచుని ఉన్నారు. వాళ్ల ఏడుపులు కూడా అయిపోయాయి.

అధికారి నన్ను విప్పాడు. వేలు సరిగ్గా అలుక్కుపోయిన పేరు దగ్గర ఆగింది.

“ఇదేమిటి? తరువాత రాసినట్టుందే?” అన్నాడు బర్మా భాషలో.

తప్పు నాది. ఊరిన సిరా నాది. కాని కాగితం చేసిన తప్పుకు మనిషినే నిలబెట్టి అడుగుతారు.

“సెమట బాబూ… సెమట” అని తెలుగులో అనేసి, సన్నెమ్మ తనకొచ్చిన బర్మా ముక్కల్లో తడబడింది. ఆయన పిల్లవైపు చూసి, “పైడమ్మా!” అని పిలిచాడు.

పిల్ల తిరగలేదు. ఓడ పొగగొట్టాన్ని చూస్తోంది. ఆ పేరు తనదని దానికి రెండుసార్లు చెప్పి ఉంటారేమో.

“నీ పేరేమిటి?” ఈసారి బర్మాలో.

“ఖిన్ మే.”

అధికారి వెనక్కి వాలాడు. “అది బర్మా పేరు. బర్మా తల్లికి పుట్టిన పిల్ల బర్మా పిల్ల. నువ్వు పోవచ్చు. పిల్ల పోదు.” నన్ను ఎడమవైపుకు తోశాడు. గాజు బరువు నా వీపుమీద కూచుంది.

ఓడ మొదటి కూత కూసింది.

సన్నెమ్మ బల్ల కాలు పట్టుకుని అక్కడే కూలబడి ఏడవసాగింది. పదమూడేళ్లప్పుడు ఏడవకుండా దాచుకున్నది కూడా అప్పుడే బయటికొచ్చినట్టుంది. వరసలోవాళ్లు తలలు తిప్పుకున్నారు. అప్పుడు పిల్ల వచ్చి ఆమె రెక్క పట్టుకుంది.

“లెగు! లెగమంటన్నానా! ఊరికే ఏడుస్తావేటి? నువ్వు ఏడిస్తే ఈడు మనం దొంగలమనుకుంటాడు. ముక్కు తుడుసుకో. ఆ మూట ఇలాగియ్యి, నాను మోస్తాను. ఎప్పుడూ ఇంతే నువ్వు!”

గట్టిగానే అంది. అచ్చం సన్నెమ్మ యాసలో, సన్నెమ్మ పొయ్యి దగ్గర గొణుక్కునే తీరులో. సన్నెమ్మ ఏడుపు టక్కున ఆగిపోయింది. పిల్ల వంక నోరు తెరిచి చూస్తూ ముక్కు తుడుచుకుంది.

అధికారి పక్కనున్న తెలుగు హమాలీని అడిగాడు. “ఏమంటోంది?”

“తల్లిని తిడుతోంది దొరా. ఏడవొద్దంటోంది.”

ఆయన కాసేపు ఇద్దరినీ చూశాడు. తరువాత చూపు తాడు అవతలికి పోయింది. అక్కడ డా మ్యా నిలబడి ఉంది. అదే నుదురు, అవే చెంపలు. నాలాంటి కాగితానికే పోలిక తెలుస్తుంటే ఆయనకు తెలియదా?

“ఏమ్మా, ఈ పిల్ల నీకేమవుతుంది?”

గాజు బరువు కింద నేను బిగుసుకుపోయాను. ఆమె ఒక్క మాటంటే చాలు. నా చెల్లెలి కూతురన్న మాట. ఆ మాట నిజం కూడా.

డా మ్యా పిల్లను చూసింది. పిల్ల చెయ్యి సన్నెమ్మ రెక్కను ఇంకా వదల్లేదు.

“నాకేమీ కాదు” అంది డా మ్యా. “వాళ్లు మా వీధివాళ్లు. ఈమె దగ్గర బజ్జీలు కొనేదాన్ని.”

“మరి పిల్ల ఎవరిది?”

“వినలేదా మీరు? ఆమె పిల్లే.”

బరువు లేచింది. నా మీద ముద్ర పడింది. ఎంత బలంగా పడిందంటే వెనకవైపు కూడా ఉబ్బు తేలింది. పిల్ల తాడు వైపు తిరిగి చూసేసరికి డా మ్యా అప్పటికే జనంలోకి నడుస్తోంది. వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. నా మీద చాలా ముద్రలున్నాయి, చాలా సంతకాలున్నాయి. నన్ను నిజంగా చెల్లేలా చేసిన మనిషి సంతకం మాత్రం లేదు.

నాలుగు రోజుల సముద్రం. సన్నెమ్మకు ఓడ పడలేదు, లేవలేకపోయింది. రెండో రోజు పిల్ల నన్ను ఆమె రవికెలోంచి తీసి తన లుంగీ మడతలో దోపుకుంది. ఎవరు పిలిచినా “పైడమ్మ” అని ముందే చెప్పేది.

విశాఖపట్నం రేవులో నన్ను పరిశీలించి, అడ్డంగా రెండు గీతలు గీసి, ‘రద్దు’ అని కొట్టారు. ప్రయాణం అయిపోయింది, ఇక నాతో పనిలేదు. నన్ను కాందిశీకుల శిబిరం గుమాస్తా ఫైలులో పెట్టుకుని వాళ్లకొక చీటీ ఇచ్చాడు. ఆయన గది కిటికీలోంచి చివరిసారి వాళ్లను చూశాను. కొళాయి దగ్గర వరస. ఒక పోలీసు, ఒక టీ కొట్టువాడు, ఇద్దరు ఆడవాళ్లు ఏదో విషయం మీద కేకలేసుకుంటున్నారు. పిల్ల చెంబు పట్టుకుని వాళ్లను మార్చి మార్చి చూసి, పరుగున వెనక్కొచ్చింది.

“అమ్మా! ఈళ్లందరూ మనింట్లో మాటలే మాటాడతన్నారే! ఆ పోలీసు కూడానూ!”

తెలుగంటే ఒక వంటింట్లో మాత్రమే ఉండే భాష అనుకుంది అది, నాలుగేళ్లుగా. ‘అమ్మా’ అన్న పిలుపు తన నోట మొదటిసారి వచ్చిందని దానికి తట్టనే లేదు. సన్నెమ్మకు తట్టింది. చెంబు అందుకుని, నీళ్లు తాగకుండా అలాగే నిలబడిపోయింది.

నేను ఇప్పుడు పాత దస్త్రాల గదిలో ఉన్నాను. చెమ్మ, చెదలు, తలుపు తీసినప్పుడు కాస్త వెలుతురు. రద్దయిన కాగితానికి ఇంతకన్నా మర్యాద ఎవరు చేస్తారు? పద్నాలుగేళ్ల తరువాత ఒకసారి మాత్రం ఎవరో ఫైలు విప్పి, నా మీద ఇంకో కాగితం పెట్టి మళ్లీ కట్టేశారు. బర్మా కాందిశీకులకు ఇళ్లస్థలాల దరఖాస్తు అది. సన్నెమ్మ వేలిముద్ర, పక్కనే గుండ్రటి తెలుగు అక్షరాల్లో కూతురి సంతకం. ఇప్పటికీ ఆ కాగితం నా మీదే పడుకుని ఉంటుంది, దాన్ని నేను బట్టీపట్టాను. నా మీద కుటుంబ సభ్యులు ఇద్దరే. దాని మీద నలుగురు, మూడోది అల్లుడి పేరు. నాలుగో పేరు గడిలో రాసి ఉంది: ‘పాప, ఇంకా పేరు పెట్టలేదు.’