మెరవని టంకం

పిల్లల గదుల్లో వెలిగించుకునే చిన్న దీపాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో అత్త అంటే ఒక్కరే. సొంత కోడలికి ఆవిడ అత్త అయి నాలుగేళ్ళు. ఆ పిల్ల టంకం బల్ల దగ్గర చేరిన రోజు నుంచి బల్ల చుట్టూ ఉన్న పన్నెండు మందికీ అత్తే. మేనేజరు కూడా ఒకసారి నోరు జారి అత్తా అనేశాడు, ఎలా సర్దుకోవాలో తెలియక ఇక అదే ఖాయం చేసుకున్నాడు.

ఆవిడ పని తనిఖీ. ముందు భూతద్దం, ఎడమ పక్క ఎర్ర ట్రే, కుడి పక్క పచ్చ ట్రే. దీపం లోపలి సర్క్యూట్ బోర్డు మీద టంకం చుక్క అద్దంలా మెరిస్తే పచ్చ ట్రేలోకి, మెరవకపోతే ఎర్ర ట్రేలోకి. ఇరవై రెండేళ్ళుగా ఇదే తీర్పు, దాని మీద అప్పీలు లేదు. చుక్కలో తన ముఖం కనబడాలనేది. అంత చుక్కలో అంత ముఖం ఎలా పడుతుందని వెనక ఎవరో ఒకరు గొణిగేవారు. ఆవిడకు వినబడేది, విననట్టే ఉండేది.

కోడలికి పని నేర్పిందీ ఆవిడే. ఒక చేతిలో టంకం కరిగించే కాలే ఐరన్, ఇంకో చేతిలో బోర్డు. మరి టంకం తీగ ఎవరు పట్టుకోవాలి? పళ్ళు పట్టుకోవాలి. ఆ వరసలో అందరికీ అదే అలవాటు. తీగ కొస పళ్ళ మధ్య బిగించి తల కాస్త వంచితే చుక్క పడాల్సిన చోట పడుతుంది. డబ్బా మీద ‘సీసం లేనిది’ అని పెద్ద అక్షరాల్లో అచ్చేసి ఉండేది కాబట్టి ఎవరికీ చీకూ చింతా లేదు.

కోడలికి మూడో నెల వచ్చింది. డాక్టరమ్మ ఏం పని చేస్తావని అడిగి, చెప్పింది విని, రాసిన పరీక్షలకు ఇంకొకటి కలిపింది. నాలుగు రోజుల తరవాత అత్తాకోడళ్ళిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. రక్తంలో సీసం ఉండకూడనంత ఉందట. అది బిడ్డ దాకా వెళ్తుందట. ఇప్పుడే ఆపేస్తే తగ్గుతుంది, ఆపకపోతే మాత్రం తాను ఏ భరోసా ఇవ్వలేనంది.

ఇంటికొచ్చాక కోడలు చెప్పులైనా విప్పకుండా మంచం అంచున కూర్చుంది.

"అత్తయ్యా, డబ్బా మీద లేదని రాశారుగా. మరి నాలోకి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

 అత్త వేళ్ళకు ఏదో అనుమానం తగిలింది. మర్నాడు అందరికన్నా ముందే వెళ్ళి తీగ ముక్క తుంచి వంచి చూసింది. మైనంలా వంగింది. ఐరన్ తాకీ తాకకముందే కరిగింది. చుక్క ధగధగ మెరిసింది. రెండేళ్ళ కిందట సీసం లేని తీగ మొదటిసారి వచ్చినప్పుడు ఇలా లేదే? అది బిరుసుగా ఉండేది, ఎక్కువ వేడి అడిగేది, దాని చుక్క మసకగా ఉండేది. ఆ వారమంతా తాను బోర్డులు ఎర్ర ట్రేలో పడేస్తూనే ఉంది. మూడో వారానికి చుక్కలు మళ్ళీ మెరిశాయి. బల్ల దగ్గరి పిల్లలు దారికొచ్చారని ఎంత మురిసిపోయింది!

తిన్నగా స్టోరుకి వెళ్ళి, తీగ తెప్పించే పెద్దమనిషిని నిలదీసింది. 

"నువ్వే కదత్తా, వారంలో నాలుగొందల బోర్డులు వెనక్కి కొట్టావు. పైనుంచి తిట్లన్నీ నాకు. పాత తీగే తెప్పించి కొత్త డబ్బాల్లో పెట్టాను. నువ్వూ ఊరుకున్నావు, పైవాళ్ళూ ఊరుకున్నారు."

ఆయన చొక్కా పట్టుకుని యజమానురాలి దగ్గరికి ఈడ్చుకెళ్ళాలనిపించింది. ఈడ్చుకెళ్తే సరిపోయేది కూడా, తప్పంతా ఆయన నెత్తిన పడేది, తన పేరు ఎక్కడా రాదు. కుళాయి దగ్గర నిలబడి చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. ఎంత కడిగినా ఆ తప్పులో తన వాటా పోయేలా లేదు. స్టోరు మూల దుమ్ము పట్టి ఉన్న అసలు కొత్త తీగ ఒక చుట్ట, ఇన్నాళ్ళూ వాడిన తీగ ముక్క, ఐరన్, ఒక బోర్డు తీసుకుని యజమానురాలి గదికి నడిచింది.

యజమానురాలు ఆ వారం పంపాల్సిన రెండువేల దీపాల హడావిడిలో ఉంది. డబ్బా మీద రాసే ఉంది కదా అంది.  అత్త ఆవిడ బల్ల మీదే ఐరన్ వేడిచేసి, ఒకే బోర్డు మీద రెండు తీగలతో రెండు చుక్కలు పెట్టింది. ఒకటి మెరిసింది, ఒకటి మెరవలేదు.

"ఈ మెరిసేదే విషం మేడం. మసకగా ఉన్నదే మంచిది. మంచిదాన్ని ఎర్ర ట్రేలో పారేసింది నేనే. నా మెరుపు పిచ్చి నా కోడలి కడుపు మీదికి వచ్చింది."

యజమానురాలు బోర్డు దగ్గరికి తీసుకుని రెండు చుక్కలూ చూసింది. తరవాత, ఇకమీద సరిచేద్దాం, అమ్మేసినవాటికేం ఫర్వాలేదు, చుక్కలన్నీ లోపల మూసే ఉంటాయి కదా అంది. ఆ మాట నిజమే. కానీ అత్త కదల్లేదు.

"పాడయ్యాక ఎక్కడికి పోతాయి మేడం? చెత్తలోకి. అక్కడ వాటిని విప్పేవాళ్ళ ఇళ్ళల్లోనూ కోడళ్ళుంటారు."

ఆ పూటే తీగ ల్యాబుకి వెళ్ళింది. మూడోరోజు సీసం ఉందని ఫలితం వచ్చేసరికి పని ఆగిపోయింది, రెండువేల దీపాలూ గుమ్మం దాటలేదు. అందరికీ రక్త పరీక్షలు చేయించారు. ముగ్గురికి మందులు అవసరమయ్యాయి, వాళ్ళలో అత్త కూడా ఒకరు. ఆ రెండేళ్ళలో కొన్న దీపం తెచ్చిస్తే కొత్తది ఇస్తామని, మా పేరుతో అమ్మాం కాబట్టి మేమే వెనక్కి తీసుకుంటామని యజమానురాలు దుకాణాలన్నింటిలో కాగితం అంటింపజేసింది. అట్టపెట్టెల కొద్దీ వచ్చిపడుతున్న పాత దీపాలు దించుకోవడం స్టోరాయన వంతు అయింది. నడుం పట్టేసిందని ఆయన మూలిగితే ఒక్కరూ జాలిపడలేదు.

తీగ చుట్టలకు బల్ల మీద స్టాండ్లు వచ్చాయి, తీగ నేరుగా పని దగ్గరికే అందేలా. ఇక నోట్లో ఏమీ పెట్టుకోవద్దు. కోడలిని ప్యాకింగుకి మార్చారు. కొత్త తీగతో మొదటి బోర్డు వచ్చినప్పుడు అత్త చెయ్యి దానంతటదే ఎడమకి, ఎర్ర ట్రే వైపు వెళ్ళింది. గాలిలో ఆగింది. చుక్క నిండుగా ఉందా, అంచుల దాకా అతుక్కుందా అని మూడుసార్లు చూసి, మందు మింగుతున్న ముఖం పెట్టి పచ్చ ట్రేలో వేసింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నోరు మూసుకుని పని చూసుకోమంది.

ఏడో నెలలో ఒక మధ్యాహ్నం కోడలు మెల్లగా నడుచుకుంటూ వచ్చి కొత్త రక్త పరీక్ష కాగితం భూతద్దం కింద పెట్టింది. సీసం బాగా తగ్గిపోయిందని, బిడ్డ ఎదుగుదల చక్కగా ఉందని డాక్టరమ్మ చెప్పిందట. అత్త అద్దంలోకి వంగింది. చాలాసేపు వంగే ఉంది.

"ఏంటే ఈ అచ్చు, అంతా మసగ్గా ఉంది" అంది.

"మసగ్గా ఉంటేనే మంచిదన్నారుగా అత్తయ్యా" అంది కోడలు, కొంగుతో ఆవిడ కళ్ళు తుడుస్తూ.

అత్త కాగితాన్ని ఇంకోసారి చూసి, మడత నలగకుండా పచ్చ ట్రేలో పెట్టింది.