సముద్రం లేని కొత్త భూమి

పాస్టరుగారు ఊళ్లో లేనప్పుడు మా చర్చిలో ప్రసంగం నా మీద పడుతుంది. చదువు అంతంత మాత్రమే అయినా, సంఘ పెద్దల్లో కాస్త గొంతున్నవాణ్ణి నేనే. ఆ ఆదివారానికి ఆయన అప్పగించి వెళ్లిన అంశం కొత్త ఆకాశం, కొత్త భూమి.

శనివారం సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని సిద్ధపడుతున్నాను. అమ్మ పక్కనే ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆవిడ కూడా వింటుందని పైకే చెప్పుకుంటూ పోయాను. అక్కడ కన్నీళ్లుండవు, చావుండదు, సముద్రం కూడా ఉండదు అన్నాను.

అమ్మ చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

"సముద్రం ఉండదా?"

"బైబిల్లో ఉండదనే రాసి ఉందమ్మా. నీకు మంచిదేగా! నీ సవతి పీడ విరగడవుతుంది."

మా ఇంట్లో అది పాత హాస్యం. నాన్న చేపల బోటులో ఇంజను చూసేవాడు. ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా సముద్రం వైపు కిటికీ మూస్తే ఆయనకు నిద్ర పట్టేది కాదు. ఆ ఉప్పుగాలికి అమ్మ కుట్టుమిషను, ట్రంకుపెట్టె గొళ్లెం, చివరికి తలపిన్నులు కూడా తుప్పు పట్టేవి. "కట్టుకున్నదాని మాటకంటే ఆ సవతి ఘోషే ఇంపు మీకు!" అంటూ అమ్మ కిటికీ రెక్కలు ధడాలున వేసేది. "అది నీకంటే ముందొచ్చిందే. అసలు పెద్ద పెళ్లాం అదే, నువ్వే సర్దుకుపోవాలి" అని నాన్న నవ్వుతూ మళ్లీ తీసేవాడు. నేను డీజిలు వాసన వేసే ఆయన చొక్కా పట్టుకుని, ఆ ఇద్దరి దెబ్బలాట వింటూనే నిద్రపోయేవాణ్ణి.

ఒక గాలివానలో బోటు తిరిగి రాలేదు. నాన్న దొరకలేదు.

అమ్మ తువ్వాలు ఒళ్లో పెట్టుకుంది.

"నవ్వులాట కాదురా. అందరూ పూలు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్తారు. ఇన్నేళ్లూ నేనెక్కడికి వెళ్లాను?"

నాకు తెలుసు. చెప్పులు చేత్తో పట్టుకుని, అలలు పాదాలను తాకే చోట నిలబడేది.

"అదే లేకుండా పోతే ఆయన ఎక్కడున్నట్టు? రేపు నువ్వా మాట చెప్పేటట్టయితే నేను రాను."

పొయ్యి దగ్గరున్న మా ఆవిడ ఇటు తిరిగింది. "ఏమండీ, ఆ ఒక్క ముక్క వదిలేస్తే ఏం పోయింది? ప్రసంగం తొందరగా అయిందని జనం కూడా సంతోషిస్తారు."

వదిలేయడానికి మనసొప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. అమ్మ లేని బెంచీ వైపు చూస్తూ నిరీక్షణ గురించి ఏమని చెప్పను? దేవా, ఇదెందుకు రాయించావు అని లోపలే అడిగాను. జవాబు కోసం బైబిల్లో ఆ తరువాతి పేజీలు వెతికాను, ఆపైన వెనక్కి తిప్పాను. అక్కడ ఒక మాట దగ్గర ఆగిపోయాను.

ఉదయం అమ్మతో ఒక్కటే అన్నాను. "తలుపు దగ్గర కూర్చో. నచ్చకపోతే లేచి వెళ్లిపో."

అమ్మ చర్చిలో చివరి బెంచీ మీద, సంచీ ఒళ్లోంచి దించకుండా కూర్చుంది.

"సముద్రం ఉండదని రాసి ఉంది. ఎందుకో నాకు పూర్తిగా తెలియదు" అని మొదలుపెట్టాను. "కానీ అంతకు ముందే ఇంకో మాట ఉంది. సముద్రం తనలో ఉన్న చనిపోయినవాళ్లను అప్పగిస్తుంది. ముందు అప్పగింత, ఆ తరువాతే అది లేకపోవడం. దేవుడు పాతదాన్ని పారేసి చేతులు దులుపుకునేవాడు కాడు. ఉన్నవాటినే కొత్తవి చేస్తానన్నాడు. మనవాళ్లను మరచిపోయి చేసేది కొత్త భూమి ఎలా అవుతుంది?"

అమ్మ సంచీ తీసి పక్కన పెట్టింది.

ఇంటికి నడిచి వస్తున్నాం. మలుపు దగ్గర అమ్మ అడిగింది.

"ముందు అప్పగించడమేనా?"

"ముందు అదేనమ్మా."

"అయితే సరే. అప్పగించాక అది ఉంటే నాకేం, పోతే నాకేం!" నాలుగడుగులు వేసి మళ్లీ ఆగింది. "కానీ ఒరేయ్, మీ నాన్న ఊరుకుంటాడా? లేవగానే కిటికీ ఏదీ అంటాడు."

"దానికి నా దగ్గర జవాబు లేదమ్మా."

"ఇంత ప్రసంగం చెప్పి జవాబు లేదంటావేంట్రా? పోనీలే, నేనే అడుగుతాను దేవుణ్ణి. మీ నాన్న కోసం చిన్న సముద్రమొకటి ఉంచమని." కొంగు సర్దుకుని నడక అందుకుంది. "ఉప్పు లేనిది. నా మిషను తుప్పు పట్టకుండా."