మునస్వామి వసారా

ఓబయ్య ఎడమ అరచేతిని యంత్రపు చట్రానికి ఆనించి, కుడిచేత్తో వేరుశనగ కాయలను తొట్టిలోకి తోస్తున్నాడు. చట్రం అదురు మారితే యంత్రాన్ని తిప్పే పట్టీ జారుతున్నదని అర్థం. పుట్టు చెవిటివాడు కనుక రొద బాధించదని యజమాని అతనిని ఆ చోట నిలిపాడు. నలభై దాటిన వయసు, వంగిన భుజాలు, కనురెప్పల మీద పొట్టు ధూళి.

ఆదివారం కావడంతో మధ్యాహ్నానికే మిల్లు ఆగింది. అతడు ముఖం కడుక్కొని ఉతికిన చొక్కా తొడుక్కుంటుండగా మేస్త్రీ దేవరాజులు తోటివారివైపు తిరిగాడు.

"మూగప్ప సభకు పోతా ఉండాడు సూడండబ్బా. ఆడ ఎంతసేపు కొట్లాడినా గొంతు మాత్రం బొంగురుపోదు."

పెదవుల కదలిక మాత్రమే కనిపించిన ఓబయ్య తానూ నవ్వాడు.

ఆ సభ ప్రతి ఆదివారం దర్జీ మునస్వామి ఇంటి వసారాలో జరుగుతుంది. మునస్వామి కూడా చెవిటివాడే. మద్రాసులో చెవిటి పిల్లల బడిలో చదివినవాడు. చిత్తూరుకు తిరిగివచ్చి, పుత్తూరు, చంద్రగిరి సంతలలో తనవంటివారిని వెదకి, చేతులతో మాట్లాడడం నేర్పాడు. ముప్పై ఏళ్ళు వచ్చేవరకు ఓబయ్యకు ఏ భాషా లేదు. ఆకలిని చూపగలిగేవాడు గాని, నిన్నటి ఆకలిని చెప్పగలిగేవాడు కాడు. ఓబయ్య కనుబొమ ఒకటి చీలి ఉంటుంది; కనుబొమను వేలితో తాకడమే మునస్వామి అతనికి సైగలో పెట్టిన పేరు. మిల్లులో ఆ పేరు ఎవరికీ తెలియదు.

చెవిటివారికి ఒక సంఘం స్థాపించాలని మునస్వామి పట్టుదల. ఊరి పెద్ద ఒకరు అతని భార్య వసంతమ్మతో, "మాట్లాడే మనిషి అధ్యక్షుడుగా లేకుంటే అదేం సంఘమమ్మా? నేనుంటాలే" అన్నాడు. ఆ పెదవుల కదలికను చదివిన మునస్వామి తల అడ్డంగా ఊపాడు. తరువాత యుద్ధకాలపు కరువులో ఒక్కొక్కరే కూలికోసం వలసపోయారు. వసారాలో మునస్వామి, ఓబయ్య ఇద్దరే మిగిలారు.

ఓబయ్య వెళ్ళేసరికి అక్కడ జనం నిలబడి ఉన్నారు. నడుమ చాప మీద మునస్వామి. తెల్లవారుజామున గుండె ఆగిపోయింది. ఆ సంగతి ఓబయ్యకు చెప్పగలవారు లేరు. వసంతమ్మకు అన్నానికీ నీళ్ళకూ కావలసిన సైగలే తెలుసు. తలవైపు వెలుగుతున్న దీపాన్ని చూసి అతడే గ్రహించాడు.

ఆచారం ప్రకారం చేతులను రొమ్ముపై చేర్చి, రెండు బొటనవేళ్ళనూ గుడ్డపేలికతో కట్టారు. ఓబయ్య చూపు అక్కడే నిలిచిపోయింది. పెదవులతో పలకడం అలవాటు కావాలని బడిలో పిల్లల చేతులు వెనుకకు కట్టేవారని మునస్వామి ఒకనాడు చెప్పాడు. చెప్పి, చాలాసేపు తన చేతులను తానే చూసుకున్నాడు.

ఓబయ్య చాప పక్కన కూర్చుని ముడి విప్పాడు.

"ఏందప్పా ఇది, యాడన్నా ఉండాదా?" వసంతమ్మ తమ్ముడు కుప్పయ్య అతని భుజం పట్టి లాగాడు.

"ఇడ్సిపెట్టురా కుప్పయ్యా," అంది వసంతమ్మ. "మనిషి పోయినాడని ఆయప్పకు తెలిసిందో లేదో."

ఓబయ్య లేచి రెండు చేతులూ ఎత్తాడు. కట్టవద్దు, అవి ఇతని నోరు అన్నాడు. ఎవరూ కదలకపోవడంతో, మునస్వామి తనకు నేర్పినట్లే, నిదానంగా మళ్ళీ అన్నాడు.

"ఎట్ల ఏడుస్తా ఉండాడో సూడు, పాపం," అంటూ ఒక ముసలావిడ కళ్ళు తుడుచుకుంది.

కుప్పయ్య పాత పంచె అంచు చించి మళ్ళీ కట్టాడు, ఈసారి మరింత బిగువుగా.

పాడె లేచింది. ఓబయ్య చేతులు రెండూ చంకల్లో దాచుకొని అందరి వెనుక నడిచాడు. ఖాళీ వసారాలో, అతడు విప్పిన పేలిక చాప అంచున పడి ఉంది. ముడి పడిన చోట ముడత ఇంకా విచ్చుకోలేదు.