రోజుకు పది నిమిషాలు

కారు బ్యాటరీ విప్పేటప్పుడు నల్ల వైరు ముందు తీయాలి, ఎర్రది తర్వాత. బిగించేటప్పుడు ఎర్రది ముందు, నల్లది తర్వాత. మా ఇంట్లో ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. కారు మాత్రం మా ఆయనది. పుంగనూరులో మా వీధిలో ఎవరిని అడిగినా రాజగోపాల్ సార్ కారు అనే చెప్తారు. బండిని ఎంత బాగా పెట్టుకున్నాడో సూడండి, ముఖం సూసుకోవచ్చు అందులో, అని కూడా అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన కళ్ళజోడు సర్దుకుని, "బండయినా పెండ్లామైనా మనం పెట్టుకునే దాన్ని బట్టి ఉంటాదప్పా" అంటారు. అందరూ నవ్వుతారు. నేను ఖాళీ టీ గ్లాసులు తీసుకుని లోపలికి పోతాను.

అది 1999లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న మారుతి ఎనిమిది వందలు. షెడ్డులో దాని పక్కనే మా మామ గోవిందప్ప గారి ఎజ్డీ మోటారుసైకిలు ఉంటుంది. మామ పోయి ఆరేళ్ళయినా దాన్ని అమ్మడానికి మా అత్త సుశీలమ్మకు మనసు రాలేదు. మనసు ఆమెది, తుడిచే చేతులు నావి. కారు కొన్న మరుసటేడే మా ఆయనకు ప్రమోషన్ మీద కుప్పం బదిలీ అయింది. అక్కడ రూము తీసుకుని, శనివారం సాయంత్రం బస్సులో వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోతారు. పెళ్ళిళ్ళకో పేరంటాలకో తప్ప కారు బయటికి రాదు. ఆ మిగతా రోజులన్నీ రెండు బండ్లూ నా పాలు. బ్యాటరీలో నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోసేది నేను. తీగలు బిగించే చోట తెల్లగా పాచి పడితే వేడినీళ్ళలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో రుద్ది, ఆరాక వ్యాజలైన్ పూసేది నేను. టైర్లలో గాలి, ఎజ్డీ గొలుసుకు నూనె, సీటు కింద ఎలుకలకు మందు, అన్నీ నేనే. యాసిడ్ చుక్క పడిన చీర ఆరోజు బాగానే ఉంటుంది. ఉతికి ఆరేశాక తెలుస్తుంది చిల్లులు పడ్డాయని. స్కూలుకు కట్టుకుపోయే చీరలు అట్లా నాలుగు పోయాయి. "ఎలకలు కొరికినట్టుండాదే" అని ఆయన ఒకసారి నవ్వారు. ఆయుధపూజ నాడు రెండు బండ్లనూ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు సర్దేది నేను. ఎక్కి వాటిని తొక్కించేది ఆయన.

కుప్పం పోయేముందు ఆయన నాకొక పని అప్పజెప్పారు. "రోజూ పొద్దున పది నిమిషాలు కారు స్టార్ట్ చేసి పెట్టు. లేకపోతే బ్యాటరీ పడుకుంటాది. న్యూట్రల్‌లోనే ఉండల్ల. గేరు జోలికి పోతివా, నాకు తెలిసిపోతాది." ఎట్లా తెలుస్తుందంటే, ప్రతి సోమవారం బస్సుకు పోయే ముందు కిలోమీటర్ల మీటరు చూసి, ఆ అంకెను షెడ్డులో వేలాడే క్యాలెండరు మీద రాసి పోతారు. శనివారం వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా మళ్ళీ చూస్తారు. నాలుగేళ్ళుగా రోజూ పొద్దున పది నిమిషాలు నేను డ్రైవరు సీట్లో, షెడ్డు గోడకు ఎదురుగా కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు కాబట్టి స్టీరింగు మీద పెట్టుకుని పిల్లల నోటుబుక్కులు దిద్దేదాన్ని. పది నిమిషాలు కాకముందే మా అత్త వసారాలోంచి, "ఆపు మ్మే, పెట్రోలు కాలిపోతాంది" అని అరిచేది.

ఒక సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. 2002 ఎండాకాలంలో మదనపల్లెలో మా టీచర్లకు ఇరవై రోజులు ట్రైనింగు పెట్టారు. నాలుగింటికి అయిపోయేది. బస్సు ఐదున్నరకు. ఆ మధ్య గంటన్నరలో డ్రైవింగ్ స్కూల్లో చేరాను. లైసెన్సు నేను పనిచేసే స్కూలు అడ్రసుకే వచ్చింది. దాన్ని హాజరు పట్టిక అట్టలో పెట్టుకున్నాను. అప్పటినుంచీ ఇంజను ఆపేశాక ఇంకో రెండు నిమిషాలు కూర్చుని, క్లచ్చి తొక్కి, గేర్లు మారుస్తూ ఉండేదాన్ని. ఒకటి, రెండు, మూడు, నాలుగు. బండి కదిలేది కాదు. మీటరూ కదిలేది కాదు.

2004 జూన్‌లో నాకు హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్ ఆర్డరు వచ్చింది. చౌడేపల్లె దాటి ఇంకా లోపలికి పోవాలి, మా ఇంటినుంచి పాతిక కిలోమీటర్లు. ఆ ఊరికి మొదటి బస్సు పదిన్నరకు చేరుతుంది, స్కూలు తొమ్మిదికి. వారంలోపల చేరాలి, లేదంటే నాకు ప్రమోషన్ వద్దని రాసివ్వాలి. వద్దని రాసిచ్చే ఆ కాగితం మా ఆడటీచర్లకు కొత్త కాదు. నేనే 98లో ఒకసారి రాసిచ్చాను. అప్పుడు గుడుపల్లెలో వచ్చింది. "నువ్వు ఆడ, నేను ఈడ, దీన్ని సంసారమంటారా?" అన్నారు ఆయన. రెండేళ్ళకు ఆయనకు కుప్పం వచ్చింది. కుప్పానికీ గుడుపల్లెకూ ఎంత దూరమని, పక్కపక్కనే! అప్పుడు ఆయన ఈడ, ఆడ అనలేదు. "ప్రమోషన్ కాదంటే లక్ష్మిని కాలదన్నినట్టే" అన్నారు. మా అత్త దిష్టి తీసింది. సంచీ సర్దింది నేను.

ఆర్డరు వచ్చాక మొదటి ఆదివారమే వాయల్పాడులో ఆయన చిన్నాన్న కొడుకు గృహప్రవేశం. తెల్లచొక్కా వేసుకుని కారెక్కి తాళం తిప్పితే టిక్ టిక్ మంది, అంతే. వీధిలో నలుగురు చూస్తున్నారు. ఆయన దిగి, నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "నిజం చెప్పు, రోజూ పది నిమిషాలు పెడతాండావా లేదా?" అన్నారు. పెడుతున్నానన్నాను. "పెట్టింటే ఇట్లా యాల అవుతాది?" అన్నారు. రోజూ చేసిన పనికి సాక్ష్యం అడిగితే ఏం చూపించాలి? నాకు కోపం వచ్చింది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను, ఆ కోపానికి జరిగిందల్లా అదే.

గృహప్రవేశానికి బస్సులో పోయొచ్చి, సాయంత్రం టేబుల్ దగ్గర కూర్చుని కాగితం ఆయనే రాశారు. 'నా కుటుంబ పరిస్థితుల రీత్యా ఈ పదోన్నతిని వదులుకొనుచున్నాను.' చక్కటి దస్తూరీ. "సంతకం ఒకటే బాకీ. రేపు లీవు పెట్టి మండల ఆఫీసులో ఇచ్చేసెయ్. అట్లే మదనపల్లెకు పోయి బ్యాటరీ చూపించి, ఛార్జరు ఒకటి కొనుక్కుని రా. పెద్దది తీసుకో. గంటలో ఎక్కల్ల." ఇంకా ఏదో గుర్తొచ్చినట్టు, "అమ్మకు పొద్దున కాఫీ ఎవరిస్తారు, అది కూడా సూడు మల్ల" అన్నారు.

సోమవారం ఆయన కుప్పం బస్సెక్కాక, నేను నల్ల వైరు తీసి, ఎర్ర వైరు తీసి, బ్యాటరీని ప్లాస్టిక్ బుట్టలో పెట్టుకుని మదనపల్లె బస్సెక్కాను. కండక్టరు, "యాసిడ్ కారితే ఎవరమ్మా జవాబు?" అన్నాడు. ఒళ్ళో పెట్టుకుంటానన్నాను. ఒడిలో బ్యాటరీ, చంకన ఉన్న సంచీలో ఆ కాగితం.

యాకూబ్ భాయ్‌ది మదనపల్లెలో పాత బ్యాటరీల అంగడి. తెల్లగడ్డం, వేళ్ళన్నీ నలుపు. గాజు గొట్టంతో బ్యాటరీలోని ఒక్కో గదిలోంచి యాసిడ్ పీల్చి, వెలుతురుకు పెట్టి చూశాడు.

"సచ్చిపోలేదమ్మా. ఆకలిమీద ఉండాది, అంతే. బండి ఎట్లా వాడతాండారు?"

రోజూ పది నిమిషాలు ఆడించి ఆపేస్తామని చెప్పాను. ఆయన నవ్వాడు.

"అందరూ అదే తప్పు చేస్తారమ్మా. తాళం తిప్పేటప్పుడు ఇంజను ఒక్కసారిగా తాగేస్తాది బ్యాటరీని. నిలబెట్టి పది నిమిషాలు ఆడిస్తే తాగింది కూడా తిరిగి రాదు. రోజూ అట్లా చేస్తే రోజూ కొంచెం కొంచెం తగ్గతానే వస్తాది."

"మరి ఏం చేయాలి?"

"బండి రోడ్డు మీద పోవల్ల తల్లీ. రోజూ ఇరవై కిలోమీటర్లు పోతే సాలు, ఛార్జరుతో పనే లేదు. సాబ్‌కు చెప్పు."

నాలుగేళ్ళు. ఒక్కరోజు తప్పకుండా, జ్వరమొచ్చిన రోజు కూడా, నేను చేసింది ఆ బ్యాటరీని కొద్దికొద్దిగా చంపడం. తప్పు నాది కాదు, చెయ్యి మాత్రం నాది. అంగడి బెంచీ మీద కూర్చున్నాను. ఆయన కూజాలోంచి నీళ్ళిచ్చాడు.

తర్వాత రెండు ఛార్జర్లు ముందు పెట్టాడు. ఒకటి ట్రంకుపెట్టెంత, పదిహేను ఆంపియర్లది. ఇంకొకటి టిఫిన్ క్యారియరంత, నాలుగు ఆంపియర్లది. చిన్నది తీసుకుంటానన్నాను. సాబ్ పెద్దది అడుగుతాడేమో అన్నాడు. "ఈ బ్యాటరీ ముప్పై అయిదు ఆంపియర్-అవర్లది. పదో వంతు ఎక్కిస్తే చాలు, రాత్రంతా మెల్లగా ఎక్కుతుంది. పెద్దదైతే ఉడికిపోతుంది. ఎజ్డీది ఆరు వోల్టులు, దీనికి ఆరూ పన్నెండూ మార్చే స్విచ్చి ఉంది కదా" అన్నాను. యాకూబ్ భాయ్ నా ముఖం వంక చూశాడు. "ఎవరు నేర్పించినారమ్మా?" అన్నాడు. బ్యాటరీ మీదే రాసుందన్నాను. కారు కొన్న కొత్తలో మా ఆయన ఎవరిదో లారీ షెడ్డు నుంచి పెద్ద ఛార్జరు తెచ్చి, గంటలో ఎక్కిస్తానని తగిలించిన పాత బ్యాటరీ సాయంత్రానికి పొట్ట ఉబ్బి, కుళ్ళిన గుడ్ల వాసన కొట్టిన సంగతి చెప్పలేదు. నువ్వు నీళ్ళు పోసుండవు అని ఆయన నన్నే అన్న సంగతీ చెప్పలేదు.

పుంగనూరులో బస్సు దిగాను. మండల ఆఫీసు బస్టాండుకు దగ్గరే. గేటుదాకా పోయాను. ఒక చేతిలో బ్యాటరీ బుట్ట, ఇంకో చేతిలో ఛార్జరు. కాగితం బయటికి తీయాలంటే రెంటిలో ఒకటి కింద పెట్టాలి. కాసేపు నిలబడ్డాను. కింద పెట్టలేదు. ఇంటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం షెడ్డు కిటికీ తెరిచి, బ్యాటరీ మూతలు వదులు చేసి, ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది తగిలించి, ఆ తర్వాతే స్విచ్చి వేశాను. పొద్దున్నకు యాసిడ్‌లో సన్నటి బుడగలు లేస్తున్నాయి. బిగించబోతే బ్యాటరీ ట్రేలో కొంచెం కదిలింది. కింద పెట్టే అట్టముక్క చీకిపోయింది. సంచీలో ఆ కాగితం ఉంది. నాలుగు మడతలు పెడితే సరిగ్గా సరిపోయింది.

ఫ్లాస్కులో కాఫీ పోసి మా అత్త మంచం పక్కన పెట్టి, ఎనిమిదింటికి కారు స్టార్ట్ చేశాను. రివర్సు వేశాను. రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి షెడ్డులోంచి బయటికి వచ్చింది. మా అత్త గ్లాసుతో వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"యాడికి మ్మే?"

"స్కూలుకత్తా. కొత్త స్కూలు."

ఆమె చాలాసేపు నన్నూ కారునూ మార్చి మార్చి చూసింది. "ఆగు" అని లోపలికి పోయింది. తాళం లాక్కుంటుందనుకున్నాను. రెండు నిమ్మకాయలు తెచ్చి, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ వంగి, ముందు చక్రాల కింద పెట్టింది. నా మీద ప్రేమని నేను అనుకోలేదు, ఆమెకు కారంటే భయం. "నా కొడుక్కు నేను చెప్పను. నువ్వే చెప్పుకో" అంది. నిమ్మకాయలు నలిగిన చప్పుడు మొదటిసారి సీట్లో కూర్చుని విన్నాను.

చౌడేపల్లె దాకా రెండో గేరులోనే పోయాను. పాల క్యాన్ల ఆటో ఒకటి వెనకనుంచి హారన్ కొట్టి కొట్టి దాటిపోయింది. అరచేతులు చెమటలు. ఊరు దాటాక మూడు వేశాను, ఆ తర్వాత నాలుగు. షెడ్డులో ఎన్ని వందలసార్లు వేశానో ఆ నాలుగోది. ఎదురుగా గోడ లేదు. సంతోషంగా ఉందని గట్టిగా, ఒక్కదాన్నే, కారులో అన్నాను.

తొమ్మిదికి పది నిమిషాలుండగా చేరి, రిజిస్టరులో సంతకం పెట్టాను. సాయంత్రం ఇంటికొచ్చి, క్యాలెండరులో ఆయన రాసిన అంకె కింద కొత్త అంకె రాశాను.

ఏడింటికి ఫోను మోగింది. కుప్పం నుంచి ఆయన.

"ఛార్జరు తెచ్చినావా?"

"తెచ్చినా."

"బ్యాటరీ ఎక్కిందా? పొద్దున కారు స్టార్ట్ చేసినావా?"

"చేసినా."

"పది నిమిషాలు పెట్టినావా?"

"లేదండీ" అన్నాను. "పోను యాభై నిమిషాలు. రాను నలభై."